పోషకం నేలలో ఉండటం వేరు, చెట్టుకు అందటం వేరు: చెట్ల వేర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

మట్టి పరీక్ష కాగితంలో భాస్వరం 'ఎక్కువ' అని ఉంటుంది. తోటలో చెట్టు మాత్రం చిక్కిపోయి నిలబడి ఉంటుంది. ఇంకో బస్తా వేస్తే తేరుకుంటుందని మనం అనుకుంటాం, అది తేరుకోదు. తోటలున్న మిత్రులు, మిద్దె తోటల వారు, పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. అన్నింటి అడుగునా ఉన్న విషయం ఒక్కటే. వేరు నీళ్ల గొట్టం లాంటిది కాదు. ఏ నేలలో ఏది కరువో పసిగట్టి, దాన్ని సంపాదించడానికి తన ఒంట్లోని పిండిపదార్థాన్ని ఎక్కడ ఎంత ఖర్చు పెట్టాలో ఎంచుకునే అవయవం అది.

చెట్టు ఎంత ఎత్తు ఉంటే వేర్లు అంత లోతు ఉంటాయంటారు. నిజమేనా?

కాదు. పైన కొమ్మలు, కింద అద్దంలో ప్రతిబింబంలా వేర్లు ఉన్న పాఠ్యపుస్తకాల బొమ్మలే ఈ అపోహకు కారణం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వెళ్లిపోయాక విశాఖ వీధుల్లో కూలిన చెట్లను చూసినవారికి అసలు రూపం గుర్తుండే ఉంటుంది. వెడల్పుగా, పలుచగా, పెద్ద పళ్లెంలా లేచి నిలబడిన మట్టి, దాని నిండా అల్లుకున్న వేర్లు. చాలా చెట్ల వేర్లలో ఎక్కువ భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటుంది. పక్కలకు మాత్రం కొమ్మల అంచు దాటి అంతకు రెండు మూడు రెట్ల దూరం పాకుతాయి.

ఎందుకంటే తిండి పైనే ఉంది. ఆకులు రాలి కుళ్లేది పైపొరలో, వానపాములు తిరిగేది పైపొరలో, గాలి ఆడేదీ అక్కడే. లోతుకు దిగే వేర్లు ముఖ్యంగా నీటి కోసం దిగుతాయి. అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వకంలో, మన సర్కారు తుమ్మకు దగ్గరి బంధువైన మెస్కీటు చెట్టు వేరు 53 మీటర్ల లోతున కనిపించింది. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో బోరు తవ్వేటప్పుడు 68 మీటర్ల లోతున వేరు తగిలింది. అవి ఎడారి చెట్ల దాహం లెక్కలు. మీ పెరటి మామిడిని వాటితో కొలవకండి.

ఆహారం తీసుకునేది ఏ వేర్లు?

లావువి కాదు. చేతి మణికట్టంత వేరు చెట్టును నిలబెడుతుంది, సరుకు మోస్తుంది, పిండిపదార్థం దాచుకుంటుంది. నేల నుంచి పోషకాలు తీసుకునే పని రెండు మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండే పిల్ల వేర్లది. వాటిలోనూ కొసలదే ముఖ్యమైన వంతు. కొసకు కాస్త వెనుక నూగులా మూలకేశాలు ఉంటాయి. ఒక్కొక్కటి ఒకే కణం, పొడవు మిల్లీమీటరు అటూ ఇటూ. చాలావరకు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లోనే వాటి బతుకు ముగుస్తుంది. వేరు ముందుకు సాగుతూ పాతవాటిని వదిలేసి కొత్తవి పుట్టించుకుంటుంది. అందుకే మొక్కను పీకి వేరే చోట నాటినప్పుడు, లావు వేర్లన్నీ ఉన్నా అది వాడిపోతుంది. మనం తెంపింది దాని నోటిని.

ఎరువు ఉన్న వైపు వేర్లు వెతుక్కుంటూ వస్తాయా?

దూరం నుంచి వాసన పట్టి నడిచి రావు. కానీ తగిలిన చోట ఆగి అక్కడే కాపురం పెడతాయి.

దీన్ని చక్కగా చూపిన ప్రయోగాలు 1970లలో ఇంగ్లండులో జరిగాయి. మాల్కం డ్రూ అనే శాస్త్రవేత్త బార్లీ మొక్క వేరును పై, మధ్య, కింద అని మూడు భాగాలుగా విడదీసి, మధ్య భాగానికి మాత్రమే నైట్రేటు ఎక్కువగా అందించారు. అక్కడ మాత్రమే పక్క వేర్లు పొదలా గుబురుగా పెరిగాయి. అమ్మోనియం ఇచ్చినా, భాస్వరం ఇచ్చినా అదే జరిగింది. పొటాషియం ఇచ్చినప్పుడు జరగలేదు. నన్ను బాగా ఆకట్టుకున్నది ఈ చివరి మాట. వేరు దొరికిన ప్రతిదాని వెంటా పడదు. దేనికి స్పందించాలో, దేనికి అక్కర్లేదో దాని దగ్గర ఒక లెక్క ఉంది.

బార్లీ చెట్టు కాదు, నిజమే. చెట్లలో ఈ గుణం జాతిని బట్టి మారుతుంది. పెన్సిల్వేనియాలో పక్కపక్కన పెరిగే చెట్ల మీద చేసిన పరిశీలనల్లో రెండు రకాల నడవడి కనిపించింది. సన్నని పిల్ల వేర్లున్న మేపుల్ లాంటి చెట్లు, సారం ఉన్న మట్టి తగలగానే తామే గబగబా వేర్లు వేశాయి. మొద్దు కొసలున్న చెట్లు తాము కదలకుండా, తమతో కలిసి బతికే శిలీంధ్రపు పోగులను ఎక్కువగా ఆశ్రయించాయి. సన్న వేరు వేయడం చవక, కానీ అది త్వరగా చస్తుంది. లావు వేరు ఖరీదు, కానీ నిలుస్తుంది. ఏ చెట్టు లెక్క దానిది.

యూరియా వేస్తే వారంలో పచ్చబడుతుంది. సూపర్ ఫాస్ఫేట్ వేస్తే ఏమీ కనిపించదు. ఎందుకు?

యూరియాలోని నత్రజని నేలలో నైట్రేటు రూపంలోకి మారి నీటితో పాటు ప్రయాణిస్తుంది. చెట్టు ఆకుల ద్వారా నీరు ఆవిరవుతుంటే, నేలలో నీరు వేరు వైపు కదులుతుంది, నైట్రేటు దానితో కొట్టుకు వస్తుంది. వేరు కదలనక్కర లేదు. (ఆ కదలికే మరో వైపు నష్టం కూడా. పెద్ద వాన పడితే అదే నైట్రేటు వేరుకు అందకుండా లోతుకు జారిపోతుంది.)

సూపర్ ఫాస్ఫేట్‌లోని భాస్వరం అలా కాదు. మట్టి రేణువులను కరుచుకుని ఉంటుంది. ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టుకుంటాయి. సున్నం ఉన్న నల్ల నేలల్లో కాల్షియం పట్టుకుంటుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరాన్ని తీసుకున్నాక ఆ వలయం ఖాళీ అయిపోతుంది. బయటి నుంచి మళ్లీ నిండటం చాలా నెమ్మది. ఎదురుగా పళ్లెంలో అన్నం ఉంది, చెయ్యి చాపితే అందదు. అలాంటప్పుడు చేయి పొడవు చేసుకోవాలి, లేదా చేయి పొడవున్న వారిని పిలవాలి, లేదా అన్నాన్నే కరిగించి దగ్గరకు పారించాలి. చెట్లు ఈ మూడూ చేస్తాయి. మూలకేశాలు మొదటిది. మిగతా రెండింటి గురించి కింద చెబుతాను.

మైకోరైజా అంటే ఏమిటి?

శిలీంధ్రమూ వేరూ కలిసి చేసే ఉమ్మడి సంసారం. 1885లో ఈ పేరు పెట్టినవాడు జర్మనీకి చెందిన ఎ.బి. ఫ్రాంక్. ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగును సాగు చేయడం ఎలాగో కనుక్కోమని ప్రష్యా ప్రభుత్వం ఆయనను పురమాయించింది. ఆ పని నెరవేరలేదు కానీ, అడవి చెట్ల వేరు కొసలన్నీ శిలీంధ్రపు తొడుగుతో కప్పి ఉండటం ఆయన గమనించాడు. అవి వ్యాధితో లేవు, ఆరోగ్యంగా ఉన్నాయి. శిలీంధ్రం చెట్టును దాదిలా పోషిస్తోందని ఆయన అన్నప్పుడు తోటి శాస్త్రవేత్తలు చాలామంది నమ్మలేదు. ఇప్పుడు తెలిసిందేమిటంటే, భూమి మీది మొక్కల్లో అధిక భాగం ఇలాగే బతుకుతున్నాయి. స్కాట్లండులో దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లో కూడా ఈ శిలీంధ్రాలు కనిపించాయి. నిజమైన వేర్లు సరిగా ఏర్పడక ముందు నుంచే ఉన్న స్నేహం ఇది.

లాభం పోగు సన్నదనంలో ఉంది. శిలీంధ్రపు పోగు మూలకేశం కంటే సన్నగా ఉంటుంది, వేరు కొస కంటే పదుల రెట్లు సన్నగా ఉంటుంది. అంత ఖర్చుతోనే ఎంతో ఎక్కువ దూరం సాగుతుంది. వేరు దూరలేని రంధ్రాల్లోకి దూరుతుంది. ఖాళీ అయిన ఆ రెండు మిల్లీమీటర్ల వలయాన్ని దాటి అవతలి భాస్వరాన్ని, జింకును తెచ్చి ఇస్తుంది. బదులుగా చెట్టు తాను ఆకుల్లో చేసిన చక్కెరలను, కొవ్వును ఇస్తుంది. ఇది చిన్న మొత్తమేమీ కాదు. కొన్ని పరిస్థితుల్లో చెట్టు సంపాదనలో అయిదో వంతు దాకా ఉండవచ్చు.

మన మామిడి, బత్తాయి, టేకు, వేప లాంటివాటిలో ఈ శిలీంధ్రం వేరు కణాల లోపలికి వెళ్లి చిన్న చెట్టులా కొమ్మలు వేస్తుంది. పైకి ఏమీ కనిపించదు. పైన్, ఓక్, మన సాల చెట్టు లాంటివాటిలో వేరు కొసను బయట నుంచి తొడుగులా కప్పుతుంది. తొలకరి తర్వాత సాల చెట్ల కింద పుట్టగొడుగులు లేస్తాయి. వాటిలో చాలావరకు ఆ తొడుగు శిలీంధ్రాలవే.

మైకోరైజా పొడి కొనాలా?

పాత తోటలో, సేంద్రియ పదార్థం ఉన్న నేలలో చాలాసార్లు అవసరం లేదు. అవి అక్కడే ఉంటాయి. వాటిని చంపకుండా ఉంటే చాలు. భాస్వరం ఎరువు విపరీతంగా వేస్తే చెట్టు శిలీంధ్రానికి పెట్టే ఖర్చు తగ్గించుకుంటుంది, సంబంధం పలుచబడుతుంది. పదే పదే లోతుగా దున్నితే పోగుల అల్లిక తెగిపోతుంది.

నిజంగా అవసరమయ్యే చోటు నర్సరీ. అమెరికాలో నిమ్మజాతి నర్సరీల్లో తెగుళ్లు పోవాలని మట్టిని విషవాయువుతో శుద్ధి చేసేవారు. ఆ తర్వాత నారు గిడసబారి పోయేది. ఎరువు లోపం కాదు, మంచి శిలీంధ్రం కూడా చచ్చిపోవడమే కారణమని 1970ల మొదట్లో తేలింది. నిమ్మజాతికి మూలకేశాలు తక్కువ, కొసలు మొద్దు. శిలీంధ్రం లేకపోతే దానికి చేతులు లేనట్టే. శుద్ధి చేసిన మట్టి, కొబ్బరి పొట్టు మాత్రమే నింపిన సంచులు, గని తవ్వి పోసిన మట్టి ఇలాంటి చోట్ల మైకోరైజా కలపడం అర్థవంతమైన ఖర్చు. ఒక మాట గుర్తుంచుకోండి: పొడి వేరుకు తగలాలి. మట్టి మీద చల్లితే వృథా.

అరకు కాఫీ తోటల్లో నీడకు వేసే సిల్వర్ ఓక్ చెట్టు అంత సారం లేని నేలలో కూడా ఎలా ఎదుగుతుంది?

నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న. సిల్వర్ ఓక్ నిజానికి ఓక్ కాదు. తూర్పు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ప్రోటియేసి కుటుంబపు చెట్టు. ఆస్ట్రేలియా నేలలు కోట్ల ఏళ్లుగా వానకు కడిగి కడిగి భాస్వరం లేకుండా పోయినవి. ఆ కుటుంబంలోని చాలా చెట్లు మైకోరైజాను దాదాపు పూర్తిగా వదిలేశాయి. బదులుగా మరో ఏర్పాటు చేసుకున్నాయి. భాస్వరం కరువైనప్పుడు ఒక వేరు మీద కొన్ని సెంటీమీటర్ల మేర వందల పొట్టి పిల్ల వేర్లు సీసాలు కడిగే కుంచెలా ఒక్కసారిగా మొలుస్తాయి. వీటిని గుత్తి వేర్లు అనుకుందాం. కొన్ని రోజులపాటు అవి సిట్రిక్, మాలిక్ లాంటి ఆమ్లాలను మట్టిలోకి గుప్పిస్తాయి. ఇనుము, అల్యూమినియం, కాల్షియం పట్టుకున్న భాస్వరాన్ని ఆ ఆమ్లాలు విడిపిస్తాయి. వేరు దాన్ని పీల్చుకుంటుంది. పని అయ్యాక ఆ గుత్తి చచ్చిపోతుంది, చెట్టు మరో చోట ఇంకో గుత్తి వేస్తుంది.

మన రైతు ఇదే కిటుకును పైన చేస్తున్నాడు. ఇనుము లోపానికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు అనే ఇనుప లవణం) పిచికారీ చేసేటప్పుడు చిటికెడు నిమ్మ ఉప్పు కలుపుతారు కదా. ఇనుము అడుగున పేరుకోకుండా కరిగి ఉండేలా అది పట్టి ఉంచుతుంది. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లమే. సిల్వర్ ఓక్ వేరు నేల కింద చల్లుతున్నదీ అదే.

బత్తాయి చిగురాకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. నేలలో ఇనుము ఉందంటున్నారు. మరి ఎందుకు ఇలా?

ఎర్ర నేల ఎర్రగా ఉండేదే ఇనుము తుప్పు వల్ల. ఇనుము లేని నేల మన దగ్గర దాదాపు లేదు. కానీ అది తుప్పు రూపంలో ఉంటే చెట్టుకు పనికిరాదు.

బత్తాయి లాంటి చెట్లు ఇనుము కరువైనప్పుడు వేరు కొసల నుంచి ఆమ్లాన్ని వదిలి పక్కనున్న మట్టిని పులుపు చేస్తాయి. తుప్పు ఇనుమును ఒక మెట్టు దించి కరిగే రూపానికి మారుస్తాయి. ఆ తర్వాతే లోపలికి తీసుకుంటాయి. ఈ పనికోసం కొసలు కాస్త లావెక్కి, మూలకేశాలు ఎక్కువ వేస్తాయి. నల్గొండ, అనంతపురం, కడప ప్రాంతాల్లో సున్నం పాలు ఎక్కువ ఉన్న నేలల్లో ఈ ప్రయత్నం వృథా అవుతుంది. వేరు వదిలిన పులుపునంతా సున్నం అక్కడికక్కడే మింగేస్తుంది. నీరు నిలిస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. వేర్లు, సూక్ష్మజీవులు వదిలే బొగ్గుపులుసు వాయువు బయటకు పోలేక, సున్నంతో కలిసి బైకార్బొనేటుగా మారుతుంది. అది ఇనుమును ఇంకా దూరం చేస్తుంది. కాబట్టి ఆకులు పసుపైతే మొదట చూడాల్సింది మురుగు కాలువ, తర్వాతే మందు దుకాణం.

మా దగ్గరి బంధువుల తోటలో ఎవరో చెప్పారని అన్నభేదిని మూడుసార్లు నేలకే వేశారు. డబ్బు పోయింది, ఆకులు పసుపుగానే ఉన్నాయి. సున్నం నేలలో వేసిన అన్నభేది కొద్ది రోజుల్లోనే తుప్పుగా మారిపోతుంది. లేత ఆకుల మీద పిచికారీ చేశాకే పచ్చదనం వచ్చింది. ఆ మూడు విడతల డబ్బు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ సంగతి ముందే చెప్పేవారుంటే అది ఆగేది.

శాశ్వత పరిష్కారం అంటు కట్టే నాడే ఉంది. బత్తాయిని రంగపూర్ నిమ్మ వేరు మూలం మీద అంటు కడితే సున్నాన్ని, కొంత ఉప్పును కూడా మెరుగ్గా తట్టుకుంటుంది. పైన కాసేది బత్తాయే, కింద నేలతో పోరాడేది మరో చెట్టు వేరు. మొక్క కొనేటప్పుడు రకం పేరు అడుగుతాం, వేరు మూలం ఏదని అడిగేవారు తక్కువ. అడగండి.

చింత కూడా చిక్కుడు కుటుంబానిదే కదా. నేలకు నత్రజని ఇస్తుందా?

ఇవ్వదు. చింత వేర్లకు బుడిపెలు రావు. రేలకు, తురాయికి కూడా రావు. కానుగ, నల్ల తుమ్మ, అవిశ, సుబాబుల్, గ్లిరిసిడియా, ఎర్రచందనం వేర్లకు వస్తాయి. ఆ బుడిపెల్లో రైజోబియం జాతి బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల లేత ఎరుపుగా ఉంటే పని జరుగుతోందని అర్థం. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే జరగడం లేదు.

ఇదీ ఖర్చు వ్యవహారమే. నేలలో నత్రజని దండిగా ఉంటే చెట్టు బుడిపెలు తగ్గించుకుంటుంది. కొనుక్కోవడం చవకైనప్పుడు ఇంట్లో వండటం మానేసినట్టు. గట్టు మీది గ్లిరిసిడియాకు యూరియా వేయడం అందుకే అనవసరం.

సముద్రపు ఇసుకలో సరుగుడు ఎలా పెరుగుతుంది? అది చిక్కుడు కుటుంబం కాదుగా?

కాదు. అయినా దానికీ వేరు బుడిపెలున్నాయి. లోపల ఉండేది రైజోబియం కాదు, ఫ్రాంకియా అనే మరో సూక్ష్మజీవి. పైగా సరుగుడుకు మైకోరైజా ఉంది, సిల్వర్ ఓక్ తరహా గుత్తి వేర్లు కూడా వస్తాయి. నత్రజనికి ఒకటి, భాస్వరానికి రెండు దారులు. సారమే లేని తీరపు ఇసుకలో నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా అది నిలబడటం వెనుక ఉన్నది ఈ ముగ్గురు తోడు.

కోరంగి మడ అడవుల్లో వేర్లు పైకి ఎందుకు లేస్తాయి?

ఊపిరికోసం. వేరు పోషకాన్ని లోపలికి లాగాలంటే శక్తి కావాలి, శక్తికి ప్రాణవాయువు కావాలి. కాకినాడ పక్కన గోదావరి పాయల్లో ఉన్న కోరంగి బురదలో కొన్ని మిల్లీమీటర్ల కింద ప్రాణవాయువు ఉండదు. కాలు దిగబడితే వచ్చే కుళ్లిన గుడ్డు వాసన గంధకపు వాయువుది. అది వేర్లకు విషం. ఈ అడవిలో మడ అనే జాతి చెట్టు పెన్సిళ్లు గుచ్చినట్టుగా వేల శ్వాస వేర్లను పైకి పంపుతుంది. ఉప్పు పొన్న జాతి చెట్లు వంగిన ఊతకోలల లాంటి వేర్ల మీద నిలబడతాయి. రెండింటి బెరడు మీదా గాలి రంధ్రాలుంటాయి. పోటు తగ్గినప్పుడు వాటిలోంచి గాలి లోపలికి వెళ్లి బురదలోని వేర్లకు చేరుతుంది. అందులో కొంత కొసల నుంచి బయటకు కూడా కారి, చుట్టూ ఉన్న బురదను తుప్పు రంగుకు మార్చి విషాన్ని దూరం పెడుతుంది.

ఇక ఉప్పు సంగతి. ఉప్పు పొన్న వేర్లు నీటిలోని ఉప్పులో చాలా భాగాన్ని గుమ్మంలోనే వడపోస్తాయి. మడ కొంత లోపలికి రానిచ్చి ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటకు నెడుతుంది. మడ ఆకును నాలుకకు తాకిస్తే తెలుస్తుంది.

శ్రీగంధం పక్కన కంది ఎందుకు వేయమంటారు?

శ్రీగంధం సగం పరాన్నజీవి. ఆకుల్లో తన పిండిపదార్థం తాను చేసుకుంటుంది. కానీ దాని వేర్లు పక్క మొక్కల వేర్లను అంటుకుని, చిన్న పీల్చుడు బుడిపెలను గుచ్చి నీటిని, నత్రజని వంటి పోషకాలను లాక్కుంటాయి. తొలి దశలో కంది, తర్వాత సరుగుడు లేదా కానుగ లాంటి నత్రజని చెట్టు తోడుంటే బాగా ఎదుగుతుంది. ఒంటరిగా నాటిన శ్రీగంధం పసుపెక్కి నిలిచిపోవడం చాలామంది చూసే ఉంటారు. తోడు చెట్టుకు కూడా తిండి పెట్టాలని మరచిపోకండి.

మర్రి ఊడలు కూడా ఆహారం తీసుకుంటాయా?

గాలిలో వేలాడేటప్పుడు దాదాపు లేదు. నేలను తాకాక అవి నిజమైన వేర్లుగా మారి, లావెక్కి, కొమ్మకు స్తంభంలా నిలబడతాయి. చెట్టు వైపు నుంచి చూస్తే ప్రతి ఊడా కొత్త పొలానికి తెరిచిన తలుపు. మొదలు చుట్టూ ఉన్న మట్టి ఖాళీ అయినా చెట్టు నడుచుకుంటూ పోగలదు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను సుమారు అయిదెకరాల్లో పరచుకున్నది ఈ దారిలోనే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెదలు పట్టి కూలుతున్నప్పుడు, 2018లో దానికి ఆసుపత్రిలో సెలైను ఎక్కించినట్టు మందు ఎక్కించిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. సందర్శకులు ఊగి ఊగి ఊడలు తెంపితే ఆ చెట్టు కొత్త నేలను చేరే దారి తెగిపోతుంది. పిల్లల్ని ఊడలు పట్టుకుని ఊగనివ్వకండి.

గట్టి నేలలో వేర్లు ఎందుకు ఆగిపోతాయి? బలం చాలకనా?

బలం ఒక కారణం. వేరు కొసకు టోపీ ఉంటుంది, అది జిగురు స్రవించి దారి జారుడు చేసుకుంటుంది. మట్టి మరీ బిగిస్తే కొస వెనుక లావెక్కి పగులు వేయడానికి చూస్తుంది. అయినా కొన్నిసార్లు ఆగిపోతుంది. 2021లో వరి మీద వచ్చిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. వేరు నుంచి ఎథిలీన్ అనే వాయువు ఎప్పుడూ వెలువడుతుంటుంది. గుల్ల మట్టిలో అది చెదిరిపోతుంది. బిగిసిన మట్టిలో రంధ్రాలు లేక వేరు చుట్టూనే పేరుకుంటుంది, అది 'ఇక పొడవు పెరగవద్దు' అనే కబురవుతుంది. ఆ కబురు వినలేని వరి మొక్కల వేర్లు అదే గట్టి మట్టిలోకి దూసుకుపోయాయి. అంటే శక్తి ఉండి కూడా ఆగుతోంది. అక్కడ ఖర్చు పెట్టడం దండగని తేల్చుకుంటోంది.

చల్కా నేలల్లో పైపొర కిందే మొరం తగిలితే వేర్లు పగుళ్ల వెంట దిగుతాయి. నల్లరేగడిలో కష్టం వేరు. వేసవిలో నేల నెర్రెలు విచ్చుతుంటే సన్న వేర్లు తెగిపోతాయి, తొలకరికి మళ్లీ మొదలు పెట్టాలి. ఆకు పొర కప్పి ఉంచితే నెర్రెలు తగ్గుతాయి.

ఎండాకాలం పైపొర ఎండిపోతే అందులోని పోషకాలు అందవా?

తడి లేకపోతే పోషకం కదలదు. కొన్ని చెట్లు దీనికీ దారి చూసుకున్నాయి. రాత్రి ఆకులు నీటిని వదలడం ఆగాక, లోతు వేర్లు తెచ్చిన తడి పై వేర్ల గుండా పొడి మట్టిలోకి కారుతుంది. షుగర్ మేపుల్ చెట్టు ఇలా చేస్తోందని, చుట్టూ ఉన్న చిన్న మొక్కలు కూడా ఆ నీటిని వాడుకుంటున్నాయని 1993లో అమెరికాలో తేలింది. ఆ కాస్త తడితో పైపొర వేర్లు, శిలీంధ్రాలు చావకుండా ఉంటాయి.

రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టవచ్చా?

దయచేసి వద్దు. చెట్టు ఆకు రాల్చే ముందు అందులోని నత్రజని, భాస్వరాల్లో సుమారు సగాన్ని వెనక్కి లాక్కుంటుంది. మిగతా సగం నేల మీదికి వస్తుంది, పిల్ల వేర్లు దానికోసం కాచుకుని ఉంటాయి. వెనిజులాలోని అమెజాన్ అడవిలో వేర్లు నేల మీదే చాపలా అల్లుకుని ఉంటాయి. ఆ చాప మీద గుర్తు పట్టగల భాస్వరం, కాల్షియం చల్లితే కిందికి జారిపోయింది 0.1 శాతమే. అంత పొదుపుగా నడిచే ఏర్పాటు అది. మంట పెడితే నత్రజని పొగలో పోతుంది, మిగిలిన బూడిద మొదటి వానకు కొట్టుకుపోతుంది.

ఇంటి ముందు చెట్టుకు ఎరువు ఎక్కడ వేయాలి?

చెట్టు మొదలు దగ్గర కాదు. మొదలు దగ్గర ఉన్నవి మోసే వేర్లు, తినే వేర్లు కావు. అక్కడ పేడ కుప్ప పోస్తే బెరడు కుళ్లుతుంది, చెద వస్తుంది. మిట్టమధ్యాహ్నం కొమ్మల నీడ అంచు ఎక్కడ పడుతుందో చూసి, ఆ వలయంలో జానెడు లోతు దాటకుండా గుల్ల చేసి వేయండి. నీళ్లు కూడా అక్కడికే పారించండి. డ్రిప్పు ఉంటే చెట్టు పెరిగిన కొద్దీ గొట్టాన్ని బయటికి జరపండి. నాటిన ఏడాది పెట్టిన చోటే పదేళ్లకూ డ్రిప్పర్లు ఉన్న తోటలు ఎన్నో చూశాను. ఆ చెట్ల వేర్లు ఆ తడి గుండ్రం దాటి బయటికి రావు, గాలివాన వస్తే పడేవీ అవే.

సంచి మొక్క నాటేటప్పుడు పాలిథీన్ విప్పి చూడండి. అడుగున వేర్లు చాప చుట్టలా తిరిగి ఉంటే, ఆ చుట్టను కత్తితో నిలువుగా రెండు మూడు చోట్ల కోసి విడదీయండి. లేకపోతే పదేళ్ల తర్వాత కూడా అదే చుట్టలో తిరుగుతూ తన మొదలును తానే బిగిస్తుంది. సిమెంటు గచ్చు వేయక తప్పకపోతే, చెట్టు చుట్టూ కనీసం నాలుగడుగుల మట్టిని వదిలి, దాని మీద రాలిన ఆకునే కప్పండి.